రాగిరంగు గుర్రం

టావిస్ చొక్కా మెడపట్టీ వెర్లిన్ గుప్పిట్లో ఉంది. వ్యాను తలుపుకి అదిమి పట్టేసరికి టావిస్ బూట్ల మడమలు నేలమీంచి లేచాయి. పాత రాతిబడి ముందువైపు జనం మడతకుర్చీలు చంకన పెట్టుకుని అప్పుడే దిగుతున్నారు. కచేరీకి గంట కూడా లేదు.

"నిజం చెప్పు. ఆ కంపెనీవాళ్ల ముందు పాట పాడావా, లేదా?"

"మెడ వదిలితే కదా మాట వచ్చేది," అన్నాడు టావిస్.

డెల్ఫా ఫిడేలు చేతిలో ఉండగానే వెనక మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరి మధ్యా కమాను అడ్డం పెట్టింది. "వదులన్నా. అది చిరిగితే వాడికి ఇంకో చొక్కా లేదు," అంది. నవ్వించడానికి అన్న మాటే. ఎవరూ నవ్వలేదు గాని వెర్లిన్ చెయ్యి సడలింది.

వెర్లిన్ ఆమె పెదనాన్న కొడుకు. బ్యాండులో గిటారు అతనిది, కోపం కూడా అతనిదే. టావిస్ మొన్న వసంతం దాకా వాళ్లతో బాంజో వాయించి, ఊళ్లు తిరగలేనని మానేసినవాడు. మానేసినవాడు మానేసినట్టు ఊరుకోకుండా నాష్‌విల్ వెళ్లి ఓ పెద్ద పాటల కంపెనీలో కూలికి బాంజో వాయించాడు. ఇవాళ అదే అతని మెడకి చుట్టుకుంది.

కొంప మునిగింది శుక్రవారం పొద్దున్న. అదే కంపెనీ గాయకుడు కేడ్ హాలొరన్ కొత్త పాట రేడియోలో వచ్చింది. వేదికమీద అతను లేకపోయినా అతని టోపీకి చప్పట్లు కొట్టే జనం ఉన్నారు, అంత పెద్ద గాయకుడు. పాట పేరు 'ఏరు పొంగిన రాత్రి'. రాసింది, కట్టింది తానేనని చెప్పుకున్నాడు. ఆ పాట డెల్ఫా నానమ్మ తల్లి రోజానాది. కలప కంపెనీ కొండల్ని కొనేస్తున్న రోజుల్లో, భూమి రాసివ్వనన్నందుకు రోజానా మొగుణ్ని అవతలి ఒడ్డున కొట్టులో పెట్టి తాళం వేశారు. ఆ రాత్రి వరదలో గుర్రాన్ని దింపి, ఏరు దాటి, మొగుణ్ని వెనక కూర్చోబెట్టుకుని తిరిగొచ్చిన మనిషి రోజానా. తిరిగొచ్చాక తనే పాట కట్టింది. నాలుగు తరాలుగా అది హార్స్‌మింట్ లోయ దాటలేదు. బ్యాండు కొత్త రికార్డులో, ఇవాళ, మొదటిసారి గడప దాటబోతోంది.

దాటకముందే దాని మీద వేరేవాడి పేరు పడింది. కేడ్ హాలొరన్ లాయరు నిన్న ఫోన్ చేశాడు. పాట తమ పేరున నమోదైందని, అది ఉన్న రికార్డు ఒక్కటి చేతులు మారినా కోర్టుకి లాగుతామని మర్యాదగానే చెప్పాడు. కచేరీలు కుదిర్చే యాష్‌విల్ ఏజెంటు బ్రైస్ అయితే పొద్దుట్నుంచి వదలడం లేదు. ఆ ఒక్క పాట తీసేసి రికార్డు మళ్లీ అచ్చేయిద్దామని, పెద్దవాళ్లతో పెట్టుకుంటే ఇన్నాళ్లు పెరిగిన బ్యాండు ఒక్క వేసవిలో చచ్చిపోతుందని పోరుతున్నాడు. రికార్డుల పెట్టెలు వేదిక కింద కట్టిన తాళ్లతో అలాగే ఉన్నాయి.

డెల్ఫా తెలిసిన లాయరమ్మని అడిగింది. ఆవిడ ఒకే మాట చెప్పింది. పాట మీ ఇంట్లో పుట్టిందని మీరు చెప్పుకుంటే చాలదు. దాన్ని వాళ్ల దగ్గరికి మోసుకెళ్లిన మనిషెవరో తేలాలి. ఆ మనిషి దొరికితే హాలొరన్ కట్టిన కోట కూలుతుంది. దొరక్కపోతే రోజానా పాట ఇక హాలొరన్‌దే.

"ఆర్డెల్ బాబాయి కళ్లారా చూశాడు," అన్నాడు వెర్లిన్. "వీడు ఆ కంపెనీ స్టూడియోలోంచి బయటికొస్తుంటే."

"వచ్చాను. లోపల ఎవరో పిల్లాడి పాటకి బాంజో వాయించి వచ్చాను." టావిస్ మెడ రుద్దుకుంటూ డెల్ఫా వైపు తిరిగాడు. "నువ్వు ఆ హాలొరన్ పాట పూర్తిగా విన్నావా, అసలు?"

వినలేదు. మొదటి వరస చెవిన పడగానే రేడియో కట్టేసింది. తరవాత ఎవరు పెట్టబోయినా పెట్టనివ్వలేదు. సొంత ఇంటి సామాను సంతలో అమ్ముతుంటే నిలబడి చూసినట్టుంటుందని ఆమె బాధ.

"విను," అన్నాడు టావిస్. "విన్నాక కొట్టండి. ఇద్దరూ కలిసి కొట్టండి."

అతని ట్రక్కులో కూర్చుని విన్నారు. డప్పులు, మెరుపులు, వెనక ఆడగొంతుల గుంపు. మధ్యలో హాలొరన్, బెల్లంపాకంలా.

*జీనొద్దు, కళ్లెం వద్దు, కొట్టం తలుపు తియ్యి చాలు,*
*ఏరు పొంగితే పొంగనీ, ఈదుతుంది నా రాగి గుర్రం.*

డెల్ఫా చెయ్యి జాచి పాట ఆపింది. "మళ్లీ పెట్టు."

మళ్లీ అదే. రాగి గుర్రం.

"నువ్వు నాకు వినిపించిన దాంట్లో చుక్కల గుర్రం కదా," అన్నాడు టావిస్. "నాకు తెలిసింది అదొక్కటే. దొంగతనం చేసి గుర్రానికి రంగెందుకు వేస్తాను?"

డెల్ఫాకి నానమ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

ఆ లోయలో ఇంటిపాటలు కాగితం మీద ఎక్కవు. నేర్పేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ ఎదురెదురు కుర్చీల్లో మోకాలికి మోకాలు తాకించి కూర్చోవాలి. తలుపు వేసి ఉండాలి. మూడోమనిషి ఉండకూడదు. ఒకరు పాడుతుంటే అదే పాట తెలిసిన ఇంకొకరు గొంతు కలపకూడదు. అది వాళ్ల కంచంలో చెయ్యి పెట్టడం లాంటిది. అందుకే ఒకే ఇంట్లోవాళ్లు ఒకరి పాట ఒకరు సరిగా వినరు. కొత్త రికార్డులో ఆ పాట డెల్ఫా ఒక్కతే పాడుతున్నప్పుడు కూడా వెర్లిన్ గదిలోంచి బయటికి నడిచాడు, పద్ధతి ప్రకారం.

డెల్ఫా చిన్నప్పుడు ఒకసారి ఆ పద్ధతి తప్పింది. గడ్డివాములో వెర్లిన్ కూనిరాగం తీస్తుంటే విని, మర్నాడు నానమ్మ ముందు వాడిలాగే నల్ల గుర్రం అని పాడింది. ఐసీ నానమ్మ మోకాలితో ఆమె మోకాలిని గట్టిగా నొక్కింది. "అది నీ గుర్రం కాదు. నీ గుర్రమే నువ్వెక్కు," అంది. ఎందుకని అడిగితే, "గుర్రాన్ని చూస్తే ఏ కొట్టం తలుపు తీశారో తెలుస్తుంది," అని బీన్స్ ఉడుకుతున్న కుండ వైపు వెళ్లిపోయింది. ముసలిదాని చాదస్తమనుకుంది డెల్ఫా.

చాదస్తం కాదు. నానమ్మ చిన్నతనంలో పట్నం నుంచి పాటలు పట్టే దొర ఒకడు యంత్రంతో వచ్చి, ఆ ఇంటి పాటే మరొకటి ఎత్తుకుపోయి తన పేరు పెట్టుకున్నాడు. ఎవరి నోట విని పట్టుకెళ్లాడో తెలియనే లేదని ఆవిడ చచ్చేదాకా కుమిలిపోయింది. రెండోసారి జరిగితే తెలియాలని, నేర్పిన ప్రతి ఒక్కరికీ వేరే గుర్రాన్ని ఇచ్చింది.

"అన్నా," అంది డెల్ఫా. "నీ గుర్రం ఏ రంగు?"

"నల్లది," అన్నాడు వెర్లిన్ వెంటనే. తరవాత ఆమె మొహం చూసి ఆగాడు. "నీది నిజంగానే చుక్కలదా?"

ఆమె నానమ్మ చేసిన పని చెప్పింది. వెర్లిన్ టావిస్ మెడపట్టీ సర్ది, నలిగిన చోట రెండుసార్లు చేత్తో రాశాడు. క్షమించమని అడగడం ఆ మనిషికి అంతకంటే చేతకాదు.

"అంటే నానమ్మ ఇంకెవరికో నేర్పింది," అన్నాడు.

"నేర్పింది. మనకి చెప్పలేదు. వాళ్లూ చెప్పలేదు."

నానమ్మ పిల్లల్లో మిగిలింది ఆర్డెల్ ఒక్కడే. ఆఖరి కొడుకు. తనకి పాట రాదని, అమ్మ తనకి నేర్పలేదని ఆయనే అందరితో చెబుతాడు. డెల్ఫాకి మొదటి ఫిడేలు కొనిపెట్టింది ఆయన. ఆ ఆలోచన వైపు వెళ్లకూడదని ఆమె మనసు ఎంత లాగినా, ఒక సంగతి మాత్రం ముల్లులా గుచ్చుకుంది. కొత్త రికార్డు నమూనా వచ్చినప్పుడు ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని విన్నారు. ఈ పాట మొదలవగానే వెర్లిన్ వెనకే ఆర్డెల్ బాబాయి కూడా సిగరెట్టు కాల్చుకోడానికి బయటికెళ్లాడు. ఆమె ఇంట్లో సాధన చేసినప్పుడూ అంతే. అమ్మ గుర్తొస్తుందని అనేవాడు. పద్ధతి ప్రకారం బయటికి వెళ్లవలసింది ఎవరు? ఆ పాట తెలిసినవాళ్లు.

'బ్లైండ్ మ్యూల్' అని బ్యాండుకి పేరు పెట్టింది కూడా ఆర్డెలే. తాతల నాడు జొన్నచెరకు గానుగ తిప్పిన గుడ్డి కంచరగాడిద పేరుమీద. దానికి దారి తెలియకపోయినా పాకం మాత్రం తీసేదని నవ్వేవాడు. అగ్నిమాపక కేంద్రంలో చేపల వేపుడు విందులకి, పశువుల దాణా కొట్టు వెనక అరుగు మీదా పాడే రోజుల్లో చర్చి వ్యాను అడిగి తెచ్చి వాళ్లని తిప్పింది ఆయన. మొదటి రికార్డు ఆయన వంటింట్లోనే పాడారు. రెండోదానికి ఎవరి మాటో విని డప్పులు కలిపి నున్నగా చెక్కించారు. అది బాగా అమ్ముడుపోయింది. అమ్ముడైనకొద్దీ డెల్ఫాకి దాన్ని చూస్తే ఒళ్లు మండేది. పండగలకి, పక్క రాష్ట్రాలకి పిలుపులొచ్చాయి. బ్రైస్ వచ్చాడు, కొత్త వ్యాను వచ్చింది, దాంతోపాటు వేరే డ్రైవరూ వచ్చాడు. ఆర్డెల్‌కి వేదిక మీద పేర్లు చదివే పని మిగిలింది.

పోయినేడు హాలొరన్ కంపెనీవాళ్లే లోయకి వచ్చి సంతకం పెట్టమన్నారు. ముసలమ్మ పాటలు పక్కన పెట్టాలన్నది ఒక్కటే షరతు. మా ఇంట్లో సంతకం పెట్టని అలవాటు ముసలమ్మల నుంచే వచ్చిందని డెల్ఫా వాళ్లని గుమ్మంలోంచే పంపేసింది. ఆ రోజు వాళ్లని కారుదాకా సాగనంపింది ఆర్డెల్ బాబాయి. చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.

తరవాత ఈ రికార్డు. ఇదే రాతిబడి గదిలో, ఒక్క మైకు చుట్టూ నిలబడి, తప్పు దొర్లితే దొర్లనిచ్చి పాడారు. పేరు 'మోకాలికి మోకాలు'.

"అడిగేద్దాం పద," అని వెర్లిన్ ట్రక్కు తలుపు తీశాడు.

"అడిగితే కాదంటాడు. కాదన్న మాటని ఏ కోర్టు వింటుంది?" డెల్ఫా అతని మోచెయ్యి పట్టుకుంది. "నేను పాట కింద పడేస్తాను. మీరిద్దరూ అందించొద్దు."

టావిస్ నోరు తెరిచాడు. ఆ లోయలో అంతకంటే అపచారపు మాట లేదు. పాడేవాళ్లు వరస మరిచి ఆగిపోతే, అది తెలిసినవాళ్లెవరున్నా అందించి తీరాలి. పాటని కింద పడనివ్వకూడదు. కంచె తగువుతో ఇరవై ఏళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరుండేవారు. తల్లి సమాధి దగ్గర తమ్ముడి గొంతు ఆగితే, వెనకనుంచి అన్న వరస అందించాడు. అందించి, మాట్లాడకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. తలచుకుని చేసేది కాదది. మోకాళ్లు తాకించి నేర్పినప్పుడు పాటతోపాటు ఒంట్లోకి ఎక్కేది.

"హాలొరన్ రెండు చరణాలే పాడాడు," అంది డెల్ఫా. "మూడోది కోసేశారు. ఇవాళ్టిదాకా అది బయట ఎవరూ వినలేదు. దాంట్లో ఆగుతాను. నోరు తెరిచేది నానమ్మ నేర్పిన మనిషే."

ఆమె ముందుగా చేసిన పని వేదిక కింది పెట్టెల తాళ్లు కోయడం. రికార్డులు తెచ్చి గుమ్మం పక్కన వేపుడు పిండివంటల బల్ల మీద, ఆపిల్ కజ్జికాయల పక్కనే పేర్చింది. ఫోన్‌లో బ్రైస్ కేకలేస్తుంటే వాటిని లెక్కచెయ్యకుండా, పాట తియ్యనని, రికార్డులు ఇవాళే అమ్ముతానని, కోర్టులో కూడా ఇదే పాట పాడతానని చెప్పి పెట్టేసింది.

తరవాత తెర దగ్గరికి వెళ్లింది. బడి మూతపడ్డప్పట్నుంచీ ఆ తెర కప్పీ పాడైపోయింది. ఎవరో ఒకరు తాడు చేత్తో పట్టుకుని నిలబడితేనే తెర పైన ఉంటుంది. వదిలితే కిందపడుతుంది.

"బాబాయ్, ఇవాళ తాడు నువ్వే పట్టుకోవాలి. వేరేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు."

ఆర్డెల్ జేబులో సిగరెట్ల పెట్టె తడుముకున్నాడు. "నేను బయట జనాన్ని చూసుకుంటానే అమ్మాయ్."

"జనం వాళ్లే కూర్చుంటారు. తెరే, ఎవరూ తాడు పట్టకపోతే నిలబడదు."

ఆయన తాడు అందుకున్నాడు. చేతులు పెద్దవి, నెమ్మదైనవి. ఆ చేతులతోనే ఆమెకి మొదటిసారి ఫిడేలు తీగలు బిగించాడు. డెల్ఫా అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

గది నిండిపోయింది. కిటికీ అరుగుల మీద కూడా కూర్చున్నారు. టావిస్ బాంజో తీసుకుని ఎవరూ పిలవకుండానే వేదిక ఎక్కాడు. వెర్లిన్ పక్కకి జరిగి చోటిచ్చాడు. మొదటి పాటకే జనం కాళ్లతో నేల దరువెయ్యడం మొదలుపెట్టారు. ఒక్క మైకు చుట్టూ ముగ్గురూ దగ్గరికీ దూరానికీ జరుగుతూ వాయిస్తుంటే, ఈ పాటకి ఏ నునుపూ అక్కర్లేదనిపించింది.

రోజానా పాట వంతు వచ్చింది. వెర్లిన్, టావిస్ వాద్యాలు దించి వెనక్కి జరిగారు. పద్ధతి తప్పినా వెర్లిన్ ఇవాళ బయటికి వెళ్లలేదు. డెల్ఫా ఫిడేలు కుర్చీలో పెట్టి వట్టి చేతులతో మైకు ముందు నిలబడింది. గదిలో సగం మంది పాట రేడియోలో విని ఉన్నారని తెలుస్తూనే ఉంది. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

మొదటి చరణం పాడింది. చుక్కల గుర్రం అనేసరికి ముందువరసలో ఒకావిడ తల పక్కకి వాల్చింది, రంగు మారిందేమిటన్నట్టు. రెండోది పాడింది. కొట్టు, తాళం, నీళ్ల హోరు. మూడోదానికి గొంతు ఎత్తింది.

*వంతెన కొట్టుకుపోయింది, వాళ్ల దుంగలూ కొట్టుకుపోయాయి,*
*తెల్లారి ఒడ్డున నిలిచిందెవరు? నేనూ, నా...*

ఆగిపోయింది.

మరిచిపోయినట్టు నటించడం తేలికే అనుకుంది. తేలిక కాదు. నానమ్మ మోకాలు తన మోకాలికి ఆని ఉన్నట్టే ఉంది, పాడవే అని నొక్కుతున్నట్టే. పళ్లు బిగించి నిలబడింది. గదిలో చిన్నపిల్ల దగ్గింది. ఎవరికీ తెలియని చరణం, ఎవరు అందిస్తారు? ముసలివాళ్లు తలలు వంచుకున్నారు, చావు వార్త విన్నట్టు. వెనక వెర్లిన్ ఊపిరి బుసలా వినిపిస్తోంది. నల్ల గుర్రం అతని నాలుక చివర తొక్కుతోందని ఆమెకి తెలుసు. పాట పడిపోతోంది. నాలుగు తరాల్లో మొదటిసారి, ఆమె చేతుల్లోంచే పడిపోతోంది. తన అంచనా తప్పేమో. ఇంకాసేపు ఆగితే దాన్ని ఇక లేపడం తన వల్ల కాదు.

ఎడమ పక్కనుంచి, తెర వారనుంచి, మెత్తగా ఒక మగగొంతు వచ్చింది.

*నేనూ, నా రాగి గుర్రం.*

చివరి అక్షరం మీద గొంతు చిన్నగా పైకి విరిగింది. నానమ్మ మాత్రమే అలా విరిచేది. ఆవిడ ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లకే ఆ విరుపు వస్తుంది.

తాడు జారింది. తెర జానెడు కిందికి దిగి ఆగింది.

డెల్ఫా అటు తిరగలేదు. ముందు పాట. అందిన వరస అందుకుంది, తన గుర్రాన్ని తాను ఎక్కింది, చివరిదాకా నడిపించింది.

*సంతకం కావాలన్న దొరకి చెప్పు, ఏరు ఈది రమ్మని,*
*వంతెన కట్టించి రావద్దు, వరదలోనే ఈది రమ్మని.*

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాడినవాళ్లు తల దించేదాకా అక్కడ కొట్టరు. డెల్ఫా తల దించలేదు. అప్పుడు తిరిగి చూసింది. ఆర్డెల్ రెండు చేతులా తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిలి పారిపోతే తెర కూలుతుంది. ఆయన మొహంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. తన నోరే తనని పట్టించిందని ఇంకా నమ్మలేకపోతున్నాడు.

"జనం ముందొద్దమ్మా," అన్నాడు గొణుగుతూ. "మీరు నన్ను వ్యానులోంచి దించేసి వెళ్లిపోయారు. వాళ్లు నన్ను కూర్చోమన్నారు. పాట కూడా పెద్దదవుతుందనుకున్నాను."

"నీ అంతట నువ్వు పాడి ఉంటే పెద్దదయ్యేది బాబాయ్. పోయింది జనం ముందే. రావలసిందీ జనం ముందే."

ఆమె మైకు వైపు తిరిగింది.

"ఈ పాట కట్టింది రోజానా. మోసింది ఆవిడ కూతురు ఐసీ. మోసినవాళ్లందరికీ ఆవిడ తలా ఒక గుర్రాన్ని ఇచ్చింది. నాది చుక్కలది, మా అన్నది నల్లది. కేడ్ హాలొరన్ ఎక్కి తిరుగుతున్నది రాగిది. దాని కొట్టం తలుపు తీసి వాళ్లకి అప్పగించింది మా నానమ్మ ఆఖరి కొడుకు, ఆర్డెల్ లెడ్‌ఫర్డ్."